చెరువు కంపు, నేలలో విషం: హైదరాబాద్‌లో ఏ శుద్ధి పద్ధతి ఎక్కడ పనికొస్తుంది?

కాలనీ చెరువు కంపు కొడుతోందని మీటింగ్ పెడితే నాలుగు రకాల మాటలు వినిపిస్తాయి. ఒకరు పొక్లెయిన్ పెట్టి పూడికంతా ఎత్తెయ్యాలంటారు. ఇంకొకరు బ్యాక్టీరియా ద్రావణం పోస్తే నెలలో నీళ్లు తేటపడతాయని ఎవరో సేల్స్ మనిషి చెప్పిన మాట మోసుకొస్తారు. మూడో ఆయన ఫౌంటెన్లు అడుగుతాడు. "చెరువు ఎట్లాగూ చచ్చిపోయింది, మట్టి కొట్టి పార్కు చేస్తే పోలా" అనేవాళ్లూ ఉంటారు. మొదటి మూడూ ఎక్కడో ఒకచోట పనికొచ్చే పద్ధతులే. చోటు తప్పితే మాత్రం డబ్బు పోవడంతో ఆగదు, అడుగున కుదురుకున్న విషం కదిలి బోర్లలోకి, పొలాల్లోకి చేరుతుంది.

పద్ధతి గురించి మాట్లాడే ముందు రెండు ప్రశ్నలకు జవాబు దొరకాలి. మురికి ఇంకా వస్తోందా? ఇప్పటికే అడుగున ఉన్న మట్టిలో ఏముంది? ఈ రెండూ తేలకుండా కొటేషన్లు పిలవకండి.

ముందు జబ్బేంటో తేలాలి

మన దగ్గర పాడైన చెరువులు, కుంటలు రెండు రకాలు. ఇళ్ల మురుగు చేరి పాడైనవి ఒక రకం. నగరం మధ్యలో ఉన్నవాటిలో ఎక్కువ భాగం ఇవే. ఫ్యాక్టరీల వ్యర్థాలు చేరినవి రెండో రకం. పటాన్‌చెరు, బొల్లారం, ఖాజీపల్లి, గడ్డపోతారం, జీడిమెట్ల, కాటేదాన్ చుట్టుపక్కల కుంటలు ఈ కోవలోకి వస్తాయి. కాటేదాన్ పారిశ్రామిక వాడ మట్టిలో సీసం, క్రోమియం, ఆర్సెనిక్, జింక్ మోతాదు మించి ఉన్నాయని ఉప్పల్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్ఐ) శాస్త్రవేత్తలు ఏనాడో చెప్పారు. పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల నీటిని శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లలోనే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించినప్పుడు ప్రపంచమంతా ఉలిక్కిపడింది. శుద్ధి అయిన తర్వాతి నీళ్ల సంగతి అది. హుస్సేన్‌సాగర్‌లో రెండు రకాల మురికీ కలిసింది. కూకట్‌పల్లి నాలా ఇళ్ల మురుగునూ, పారిశ్రామిక వాడల నీటినీ కలిపి దశాబ్దాల పాటు అందులోకి తెచ్చిపోసింది.

ఈ తేడా ఎందుకంత ముఖ్యమంటే, ఇళ్ల మురుగులో ఉండేది ఎక్కువగా సేంద్రియ పదార్థం. తగినంత ఆక్సిజన్, సమయం ఇస్తే సూక్ష్మజీవులు దాన్ని తినేస్తాయి. సీసాన్నీ, క్రోమియాన్నీ, ఆర్సెనిక్‌నీ తిని అరిగించుకునే జీవి లేదు. ఈ లోహాలు రూపం మార్చుకుంటాయి, చోటు మార్చుకుంటాయి, మాయం మాత్రం కావు. మా ద్రావణం లోహాలను తీసేస్తుందని ఎవరైనా చెబితే, తీసి ఎక్కడ పెడుతుందో అడగండి.

చాలామంది నీళ్ల పరీక్షతో ఆగిపోతారు. స్నానానికి పనికొచ్చే నీళ్లకు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పెట్టిన కొలతలు తెలిసినవే. బీఓడీ, అంటే మురికిని తినడానికి సూక్ష్మజీవులకు కావాల్సిన ఆక్సిజన్, లీటరుకు 3 మిల్లీగ్రాములు మించకూడదు, కరిగిన ఆక్సిజన్ 5 మిల్లీగ్రాములకు తగ్గకూడదు. ఇవి నీటి సంగతి చెబుతాయి. చెరువు అసలు చరిత్ర అడుగు మట్టిలో ఉంటుంది. రెండు అంగుళాల పీవీసీ పైపును బురదలోకి నిలువుగా దింపి, పై చివర మూసి మెల్లగా లాగితే మట్టి పొరలు పొరలుగా చేతికొస్తుంది. పైన కుళ్లిన గుడ్డు వాసన కొట్టే నల్లటి మెత్తని బురద. దాని కింద ప్లాస్టిక్ ముక్కలు, జుట్టు, ఇసుక కలిసిన బూడిదరంగు పొర. ఆ కింద వేలితో నొక్కితే జిగురుగా అంటుకునే గట్టి బంకమట్టి. పాతకాలం నాటి అసలు చెరువు అడుగు అదే. ఎంత లోతు తవ్వాలో, ఎక్కడ ఆపాలో ఈ పైపు చెప్పినంత బాగా ఏ కన్సల్టెంటూ చెప్పలేడు. నాలా కలిసే చోట, చెరువు మధ్యలో, తూము దగ్గర విడివిడిగా తీయించండి. దిగేది మాత్రం పడవ, లైఫ్ జాకెట్ ఉన్న మనిషే అయ్యుండాలి. ఆ బురదలో కాలు దిగబడితే బయటికి రావడం కష్టం.

ఈ నమూనాలను ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్‌కు ఇచ్చి రెండు పరీక్షలు అడగండి. మట్టిలో లోహాలు మొత్తం ఎంత ఉన్నాయన్నది ఒకటి. నీళ్లు తగిలితే వాటిలో ఎంత ఊరి బయటికొస్తుందన్నది రెండోది. దాన్ని టీసీఎల్‌పీ పరీక్ష అంటారు. ఊరే సీసం లీటరుకు 5 మిల్లీగ్రాములు, కాడ్మియం 1 మిల్లీగ్రాము చేరితే ఆ మట్టి చట్టప్రకారం ప్రమాదకర వ్యర్థం కిందికి వస్తుంది. అప్పుడు దాన్ని ఏ టిప్పర్ పడితే ఆ టిప్పర్‌లో ఎక్కించడానికి వీల్లేదు.

నాలాను కూడా ఒకటి రెండు రోజులు గమనించాలి. ఇళ్ల మురుగైతే ఉదయం ఆరు నుంచి తొమ్మిది దాకా ఉధృతి పెరిగి, మధ్యాహ్నానికి తగ్గుతుంది. అర్ధరాత్రి, లేదా జోరువానలో హఠాత్తుగా రంగు మారినా, మందుల ఘాటు వచ్చినా ఎవరో ట్యాంకర్ ఖాళీ చేశారని అనుమానించాలి. నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే చిన్న టీడీఎస్ మీటర్ ఈ పనికి చాలు. ఇళ్ల మురుగు మామూలుగా కొన్ని వందల నుంచి వెయ్యి చుట్టూ చూపిస్తుంది. అది వేలల్లోకి వెళ్తే కాలుష్య నియంత్రణ మండలికి (పీసీబీ) ఫిర్యాదు చేయాల్సిన కేసు.

మట్టి కొట్టి నేల చేసుకోవచ్చా?

వద్దు. దీని మీద నాకు రెండో మాట లేదు.

చట్టం సంగతి తెలిసిందే. పదిహెక్టార్లు, అంటే సుమారు 25 ఎకరాలు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు చేరే మట్టం) హద్దు నుంచి 30 మీటర్లు, చిన్నవాటికి 9 మీటర్లు బఫర్ వదలాలి. శిఖం భూమికి, అంటే చెరువు మునక భూమికి, పట్టా ఉన్నా కట్టడానికి హక్కు రాదు. చట్టం పక్కన పెట్టినా సాంకేతికంగా అది చెడ్డ పనే. నల్లబురద మీద మట్టి కొడితే ఆ బురద ఏళ్ల తరబడి అణుగుతూనే ఉంటుంది. ఒక మూల ఎక్కువ, ఒక మూల తక్కువ కుంగుతుంది, గోడలు పగుళ్లిస్తాయి. గాలి తగలని సేంద్రియ పదార్థం నుంచి మీథేన్ పుడుతుంది. ఇక వాన నీళ్లకు తమ చోటు గుర్తుంటుంది. 2020 అక్టోబరు వానలకు బాలాపూర్ దగ్గర గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్ బాబా నగర్ మునిగిన సంగతి పాతబస్తీలో ఎవరూ మరిచిపోలేదు.

పూడ్చేసిన కుంట కూడా తిరిగొస్తుందనడానికి అంబర్‌పేట బతుకమ్మ కుంట ఉదాహరణ. చెత్త, శిథిలాలతో నిండి మైదానంలా మారినచోట 2025లో చెరువుల ఆక్రమణలు చూసే ప్రభుత్వ సంస్థ హైడ్రా తవ్వకం మొదలుపెడితే కొన్ని అడుగుల లోతులోనే నీళ్లు ఊరాయి. అదే ఏడాది బతుకమ్మ పండగ నాటికి కుంట తయారైంది. అక్కడ పోగుపడింది ప్రధానంగా కట్టడాల చెత్త కాబట్టి పని అంత త్వరగా అయింది. అదే వేగం కాటేదాన్‌లో ఆశించకూడదు.

వచ్చే మురుగును ఆపడం: మళ్లింపు, ఎస్టీపీ, తడినేల

డబ్బు ఎక్కువ భాగం ఖర్చు పెట్టాల్సింది ఇక్కడే. లోపల ఎంత చేసినా నాలా ఆగకపోతే చిల్లికుండలో నీళ్లు పోసినట్టే.

అన్నిటికంటే త్వరగా అయ్యేది మళ్లింపు. నాలా చెరువులో కలిసే చోట చిన్న అడ్డుగోడ కట్టి, మురుగును పైపుల ద్వారా ట్రంక్ లైన్‌లోకి (పెద్ద మురుగు పైపులోకి) పంపుతారు. హుస్సేన్‌సాగర్‌కు చేసింది ఇదే, ఆ నీళ్లు అంబర్‌పేటలోని మురుగు శుద్ధి కేంద్రానికి (ఎస్టీపీ) పోతాయి. కంపు వెంటనే తగ్గుతుంది. దీనికి రెండు లోపాలున్నాయి. ఎండాకాలపు ప్రవాహానికి సరిపడేలా కట్టిన అడ్డుగోడ పెద్ద వానకు పొర్లి, మొదటి వానలో కొట్టుకొచ్చిన మురికంతా మళ్లీ చెరువులోకే వస్తుంది. తొలకరికి చేపలు తెల్లగా తేలడానికి ఇదొక కారణం. రెండో లోపం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. కాకతీయులు, కుతుబ్ షాహీలు కట్టిన గొలుసు చెరువులకు పైనుంచి వచ్చే వాన కాలువలు చాలాచోట్ల మూసుకుపోయాయి. ఏడాది పొడుగునా చెరువులోకి వచ్చేది మురుగే. దాన్ని కూడా తప్పిస్తే ఏప్రిల్‌కల్లా చెరువు ఎండిపోతుంది, ఎండిన నేల మీద కన్నేసేవాళ్లు వస్తారు.

అందుకే మురుగును తప్పించడం కంటే శుద్ధి చేసి చెరువుకే ఇవ్వడం మంచిదని నా అభిప్రాయం. పెద్ద నాలా అయితే యంత్రాలతో నడిచే ఎస్టీపీ తప్ప దారి లేదు. 2021లో నగరానికి 31 కొత్త ఎస్టీపీలు మంజూరయ్యాయి. మొత్తం సామర్థ్యం రోజుకు 1,259.5 మిలియన్ లీటర్లు, అంచనా 3,866 కోట్ల రూపాయలు. మీ చెరువు వీటిలో ఏ ఎస్టీపీ పరిధిలోకి వస్తుందో జలమండలిని ముందే అడిగి తెలుసుకుంటే, అదే నాలాకు కాలనీ డబ్బుతో ఇంకో ప్లాంటు కట్టే పొరపాటు తప్పుతుంది. ఎస్టీపీకి చోటు తక్కువ చాలు. కరెంటు, ఆపరేటర్, విడిభాగాలు మాత్రం ఎప్పటికీ ఉండే ఖర్చు. గాలి ఊదే బ్లోయర్ ఆగిన రెండు మూడు రోజుల్లో దానిలోని బ్యాక్టీరియా చచ్చి ప్లాంటు మురుగు తొట్టిగా మారుతుంది.

చిన్న నాలా, పక్కన కాస్త ఖాళీ ఉంటే నేను ఎంచుకునేది కృత్రిమ తడినేల. ముందు మురుగు తేరుకునే తొట్టి, ఆ తర్వాత కంకర నింపిన పడక, అందులో జమ్ము, మెట్టతామర, వట్టివేరు లాంటి మొక్కలు. మురుగు కంకర మధ్యగా మెల్లగా పారుతుంటే వేళ్లకు, రాళ్లకు పట్టుకున్న సూక్ష్మజీవులు దాన్ని శుద్ధి చేస్తాయి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ క్యాంపస్‌లో ఇలాంటి పడకలు పెట్టి శుద్ధయిన నీటిని పంటలకు వాడి చూశారు. మన వాతావరణంలో మనిషికి ఒకటి నుంచి రెండు చదరపు మీటర్ల పడక కావాలని లెక్క. 200 ఫ్లాట్లు, ఫ్లాటుకు నలుగురు అనుకుంటే 800 మంది. అంటే 800 నుంచి 1,600 చదరపు మీటర్లు, మన లెక్కలో సుమారు 950 నుంచి 1,900 గజాలు. అదే రోజుకు పది లక్షల లీటర్ల నాలాకైతే రెండు నుంచి నాలుగు ఎకరాలు కావాలి, నగరంలో అది దొరకదు. కాబట్టి పెద్దచోట్ల ఎస్టీపీ నుంచి వచ్చిన నీటికి చివరి మెరుగు పెట్టడానికి చిన్న తడినేల పెట్టుకోవడం సరైన కలయిక.

దోమలు పెరుగుతాయేమోనన్న టెన్షన్ అందరికీ ఉంటుంది. నీళ్లు కంకర పైపొరకు ఒక జానెడు కిందే పారేలా కట్టిస్తే పైన నీరు నిలవదు, దోమ గుడ్లు పెట్టదు. డిజైన్ ఇచ్చేవాళ్లను ఇది తప్పకుండా అడగండి. ముందు తొట్టి లేకుండా నేరుగా కంకరలోకి మురుగు వదిలే డిజైన్ తెస్తే తిప్పి పంపండి, కొన్నాళ్లకే కంకర పూడుకుపోతుంది. ఫ్యాక్టరీ నీళ్లు కలిసే నాలాకు మాత్రం ఈ రెండూ పనికిరావు. ఆ నీళ్లు ఎస్టీపీలోని, పడకలోని సూక్ష్మజీవులనే చంపేస్తాయి.

నీళ్లలోనే చేసేవి

ఏరేటర్లు, ఫౌంటెన్లు ఆక్సిజన్ పెంచుతాయి, కంపు తగ్గిస్తాయి, చేపల చావులను కొంత ఆపుతాయి. లోహాలను, ఫాస్ఫరస్‌ను చెరువులోంచి తీసెయ్యలేవు. లోతు తక్కువ ఉన్నచోట బురదను రేపుతాయి కూడా. మురుగు ఆగాక ఒకటి రెండేళ్లు ఆసరాగా పెట్టుకోవచ్చు, అంతే.

బ్యాక్టీరియా ద్రావణాల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. మురుగులో బ్యాక్టీరియాకు కొరత ఉండదు, కొరతంతా ఆక్సిజన్‌కే. నాలా ఆగిన చిన్న కుంటలో మిగిలిన సేంద్రియ బురద తగ్గడానికి కొంత సాయపడొచ్చు. అలాంటి ఒప్పందం చేసుకుంటే బురద మందాన్ని ముందూ వెనకా పైపుతో కొలిచి, తేడాను బట్టే డబ్బు ఇస్తామని రాయించండి.

తేలే మొక్కల దీవులకు నెక్నాంపూర్ చెరువు మంచి ఉదాహరణ. 2018లో ధ్రువాంశ్ అనే స్వచ్ఛంద సంస్థ అక్కడ సుమారు 3,000 చదరపు అడుగుల దీవిని నీళ్లలోకి దించింది. మట్టి లేకుండా తేలే పరుపు మీద వట్టివేరు, మెట్టతామర, జమ్ము పెరుగుతాయి, వేళ్లు నీళ్లలో వేలాడుతూ మురికిని పట్టుకుంటాయి. పక్షులు వచ్చి వాలతాయి, జనానికి చెరువు మీద మనసు పుడుతుంది. ఆ విలువ తక్కువదేమీ కాదు. కానీ ఎకరాల విస్తీర్ణమున్న చెరువులో దీవి వాటా ఎంతో లెక్క వేసుకోవాలి. వచ్చే మురుగు కొద్దిపాటిది అయితేనే దీనితో సరిపెట్టుకోవచ్చు.

గుర్రపు డెక్క తీయడం అవసరమే, దోమలకు అది ఇల్లు. రెండు వారాల్లో రెట్టింపు కాగల మొక్క అది, కాబట్టి పోషకాలు వస్తున్నంత కాలం మళ్లీ వస్తూనే ఉంటుంది. తీసిన గడ్డిని కట్ట మీదే గుట్ట పోసి వదిలేస్తే కుళ్లి, అందులోని నత్రజని, ఫాస్ఫరస్ మొదటి వానకే చెరువులోకి తిరిగొస్తాయి. తీసిన రోజే తరలించాలన్న షరతు లేని టెండర్ దండగ.

పూడిక తీయడం: అందరూ ముందడిగేది, చివర చెయ్యాల్సింది

ఒక ఎకరం కుంటలో మీటరు మందం పూడిక అంటే సుమారు 4,000 ఘనపు మీటర్లు. పది ఘనపు మీటర్లు పట్టే టిప్పర్‌తో 400 ట్రిప్పులు. ఈ లెక్క చెప్పగానే అడగాల్సింది ఈ మట్టి ఎక్కడికి పోతుందని.

చెరువుల పునరుద్ధరణకు ప్రభుత్వం చేపట్టిన మిషన్ కాకతీయలో ఊరి చెరువుల పూడికను రైతులు ట్రాక్టర్లతో పొలాలకు తోలుకున్నారు, పంటలు బాగా పండాయి. ఆ జ్ఞాపకంతోనే నగర చెరువు మట్టి కూడా ఎరువే అనుకుంటాం. పొలాల మధ్య చెరువులో చేరింది పైనేలల ఒండ్రు. బాలానగర్ పక్క కుంటలో చేరింది వేరు. నల్లబురదలో లోహాలు గంధకంతో కలిసి సల్ఫైడ్లుగా బిగుసుకుని ఉంటాయి. నీళ్ల కింద గాలి తగలనంత కాలం అవి పెద్దగా కదలవు. తవ్వి కట్ట మీద ఆరబెడితే గాలి తగిలి సల్ఫైడ్ సల్ఫేట్ అవుతుంది, ఆమ్లం పుడుతుంది, లోహాలు కరిగి వాన నీళ్లతో దిగుతాయి. పైకి నల్లగా, సారవంతంగా కనిపించే ఆ మట్టిని నర్సరీల వాళ్లు, మిద్దెతోటల వాళ్లు అడిగి తీసుకెళ్తారు. పరీక్ష కాగితం లేకుండా ఒక్క బస్తా కూడా ఇవ్వకండి.

పద్ధతుల్లో రెండున్నాయి. ఫిబ్రవరి నుంచి మే మధ్య చెరువు ఖాళీ చేసి, ఆరాక పొక్లెయిన్లతో తవ్వడం చవక, ఎంత తీశారో కంటికి కనబడుతుంది. కానీ తూము తెరిచి వదిలిన చెడ్డనీళ్లు కింది చెరువుకు పోతాయి, అక్కడి కాలనీతో ముందే మాట్లాడుకోవాలి. రెండోది నీళ్లుండగానే డ్రెడ్జర్‌తో బురద పీల్చి, జియోట్యూబ్ అనే పెద్ద గుడ్డ సంచుల్లోకి పంపడం. నీళ్లు వడిసిపోయి బురద సంచిలో మిగులుతుంది, దుర్వాసన తక్కువ, బురద గాలికి ఆరదు. ఖర్చు ఎక్కువ. మట్టిలో లోహాలు ఉన్నాయని తేలితే నేను రెండోదే ఎంచుకుంటాను. వడిసిన నీటిని కూడా పరీక్షించాలి.

ఏ పద్ధతయినా పైపులో కనిపించిన ఆ గట్టి బంకమట్టి దగ్గర ఆగిపోవాలి. ఘనపు మీటర్ల లెక్కన బిల్లు ఉంటుంది కాబట్టి కాంట్రాక్టర్ ఇంకా లోతుకు పోతాడు. ఆ పొర తెగితే కింద మొరం, పగుళ్లున్న నల్లరాయి. చెరువు నీళ్లు నిలవవు, మురికి నేరుగా చుట్టుపక్కల బోర్లలోకి దిగుతుంది.

లోహాలు మరీ ఎక్కువ ఉండి, వరద నిల్వకు లోతు సరిపోతే, కదపకుండా పైన శుభ్రమైన బంకమట్టి, ఇసుక పొరలు పరిచి వదిలెయ్యడం కూడా ఒక మార్గమే. ఏమీ చెయ్యనట్టు కనిపిస్తుంది కాబట్టి ఎవరికీ నచ్చదు. కొన్ని కుంటలకు మాత్రం అదే క్షేమం.

పాడైన నేల: తవ్వాలా, కప్పాలా, కట్టెయ్యాలా?

ఇది ఇప్పుడు ఇల్లు కొనేవాళ్ల సమస్య కూడా. ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) లోపలి పారిశ్రామిక వాడల భూములను నివాస, వాణిజ్య అవసరాలకు మార్చుకునేలా 2025లో హిల్ట్ పాలసీ వచ్చింది. నలభై ఏళ్లు రసాయనాలు, ప్లేటింగ్, బ్యాటరీల పని జరిగిన నేల మీద రేపు అపార్ట్‌మెంట్లు లేస్తాయి. సెల్లార్ కోసం తవ్వినప్పుడు ఆ మట్టి ఎటు పోయిందని బిల్డర్‌ను అడిగే హక్కు కొనేవాళ్లకు ఉంది.

తవ్వి తరలించడం అన్నిటికంటే ఖచ్చితమైనది, అన్నిటికంటే ఖరీదైనది. ప్రమాదకర స్థాయి మట్టి అయితే దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి, రవాణా పత్రాలతో పోవాలి. చిన్న ప్లాటు, కాలుష్యం ఒక మూలకే పరిమితం, పైన పిల్లలు తిరిగే ఇళ్లు రాబోతున్నాయి అంటే ఇదే సరైనది.

కప్పడం పెద్ద విస్తీర్ణాలకు. జవహర్‌నగర్‌లో ఏళ్ల తరబడి పోసిన చెత్త గుట్టకు ఇదే చేశారు. ఇలాంటి చోట్ల మందపాటి ప్లాస్టిక్ షీటు, మట్టి పొరలు, పైన గడ్డి వస్తాయి. వాన నీరు లోపలికి దిగదు, దుమ్ము లేవదు. కానీ పైన కప్పినంత మాత్రాన చెత్త కుళ్లి అప్పటికే ఊరిన రసం ఆగదు. జవహర్‌నగర్ కింద మల్కారం చెరువు నల్లబడ్డది ఆ రసంతోనే, దాన్ని విడిగా పట్టి శుద్ధి చేయాల్సి వచ్చింది. కప్పిన నేల మీద పార్కు, పార్కింగ్ పర్వాలేదు. బోరు వెయ్యకూడదు, లోతు వేళ్ల చెట్లు నాటకూడదు. ఈ షరతు భూమి కాగితాల్లో లేకపోతే పదేళ్ల తర్వాత కొత్త యజమాని జేసీబీ తెస్తాడు.

సిమెంటు, సున్నం, బూడిద లాంటివి కలిపి లోహాలను మట్టిలోనే గట్టిపరచడం మూడో దారి. సీసానికి బాగా పనిచేస్తుంది. క్రోమియం విషయంలో ముందు ఏ రూపంలో ఉందో చూడాలి. ఆరో రూపం నీళ్లలో కరిగి పారే ప్రమాదకారి, క్యాన్సర్ కారకం. ఫెర్రస్ సల్ఫేట్ లాంటిది కలిపి దాన్ని పెద్దగా కదలని మూడో రూపంలోకి మారుస్తారు. ఆర్సెనిక్‌కు ఒంటి సున్నం సరిపోదు, ఇనుము కలిసిన మందులు కావాలి. అందుకే మట్టి రిపోర్టు చూడకుండా ఒకే మిశ్రమం చెప్పేవాళ్లను నమ్మలేం.

మొక్కలతో శుద్ధి గురించి పేపర్లలో చాలా వస్తుంది. ఒక రకం ఫెర్న్ ఆర్సెనిక్‌ను లాగుతుంది, ఆవ మొక్క సీసం, కాడ్మియంను కొంత లాగుతుంది. నిజమే. కాకపోతే వేళ్లు దిగినంత లోతుకే, ఏళ్లకేళ్లు. ప్లాటు అమ్ముకోవాల్సినవాళ్లకు కుదరదు. ఎవరూ కట్టబోని ఖాళీ శిఖం అంచులకు, నాలా గట్లకు మాత్రం వట్టివేరు వేస్తే మట్టిని పట్టి ఉంచుతుంది, దుమ్ము ఆగుతుంది. డీజిల్, ఇంజన్ ఆయిల్ కారిన పాత మెకానిక్ షెడ్ల నేలకు సూక్ష్మజీవుల పద్ధతి నిజంగా పనిచేస్తుంది. మట్టిని వరుసలుగా పోసి, తడి, గాలి, కాస్త నత్రజని అందిస్తూ తిరగేస్తుంటే నూనె విరిగిపోతుంది. ద్రావణాల వాళ్లకు నేను పూర్తి మార్కులు ఇచ్చేది ఈ ఒక్కచోటే.

భూగర్భ జలాన్ని తోడి శుద్ధి చేసే పద్ధతి మన నల్లరాతి నేలలో కష్టం. నీళ్లు ఇసుకలో లాగా సమంగా కాకుండా పగుళ్ల వెంట పారతాయి. ఒక బోరు శుభ్రంగా ఉండి పక్కింటి బోరు విషం కావచ్చు. పారిశ్రామిక వాడ పక్కన ఉంటే ఎవరి బోరు వాళ్లు పరీక్షించుకోవాల్సిందే.

ఎవరిని అడగాలి, ఏం రాయించుకోవాలి

కలుషిత స్థలాల నిర్వహణకు కేంద్రం 2025 జూలైలో ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. అనుమానిత స్థలాల జాబితాను జిల్లా యంత్రాంగం పంపాలి, పీసీబీ పరీక్షించి తేల్చాలి, పాడుచేసినవాళ్లే ఖర్చు భరించాలి. కాబట్టి ఫ్యాక్టరీ కాలుష్యమని మీ ల్యాబ్ రిపోర్టు చెబితే కాలనీ చందాలు వసూలు చేసుకోవడం ఆపి, ఆ రిపోర్టును కలెక్టర్‌కు, పీసీబీకి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. ఇళ్ల మురుగైతే జలమండలి, చెరువు హద్దుల గొడవైతే హైడ్రా, హెచ్ఎండీఏ.

కాంట్రాక్టులో తీసిన మట్టి ఏ చిరునామాకు పోయింది, ఏ రిపోర్టు ఆధారంగా పోయింది అన్నది ట్రిప్పు ట్రిప్పుకూ రాయించాలి. ఐదేళ్ల నిర్వహణ అదే టెండర్‌లో ఉండాలి. ఎందుకంటే తడినేల మొక్కలను ఏడాదికి రెండు మూడు సార్లు కోసి తీసెయ్యకపోతే అవి పీల్చుకున్నదంతా అక్కడే కుళ్లి తిరిగి నీళ్లలో కలుస్తుంది. కోసిన గడ్డి పశువులకు పోకుండా చూడటం కూడా నిర్వహణలో భాగమే. మూసీ వెంట మురుగు నీళ్లతో పారాగడ్డి పెంచి బర్రెలకు వెయ్యడం మన దగ్గర ఏళ్లుగా ఉన్న అలవాటు కాబట్టి, చెరువు గట్టు మీద కోసిన గడ్డిని ఉచితంగా ఇస్తామంటే డెయిరీల వాళ్లు వెంటనే వస్తారు. మట్టిలో సీసం, కాడ్మియం ఉన్నచోట ఆ గడ్డి పాల దాకా చేరగలదు. అలాంటి చోట చేప పిల్లలను వదిలే పని కూడా మట్టి, నీళ్లు, చేప కండ మూడింటి పరీక్షలూ బాగున్నాయని తేలేదాకా ఆపి ఉంచండి.